తాతయ్య ఊది అరగదీసిన పీకలు

తాతయ్యకి గాలి అంటే గిట్టదు. మనుషులతో ఎన్నడూ పేచీ పెట్టుకోలేదు గానీ గాలితో మాత్రం జీవితమంతా తగువే. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీకి చెంప ఆనించి, కళ్లు మూసుకుని, "ఇదిగో, ఇక్కణ్నుంచి దూరుతున్నాడు దొంగ" అనేవాడు. దొంగ అంటే గాలి. ఇంట్లో పంచదార డబ్బా మూత కాస్త వంకరగా పెట్టినా, కిటికీ రెక్క ఓరగా ఉన్నా, కూర్చున్నచోట ఆయనకి కుదురుండేది కాదు. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి, ఎడంచేత్తో మూత బిగించి వచ్చిన రోజులున్నాయి.

అలాంటి మనిషికి రాసిపెట్టి ఉన్నది ఊదుకుని బతికే పెళ్లాం.

అమ్మమ్మ ఆ ఊరి ఆర్కెస్ట్రాలో ఓబో వాయించేది. ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం లాంటిది. నల్లటి కర్ర గొట్టం, ఒంటినిండా వెండి మీటలు, చూడ్డానికి మహా దర్జాగా ఉంటుంది. ఆ దర్జా అంతా పైపైనే. అసలు పాడేది దాని నెత్తిన గుచ్చే పీక. రెండు పల్చటి రెల్లుబద్దల్ని ఎదురెదురుగా పెట్టి, చిన్న ఇత్తడి గొట్టానికి రంగు దారంతో చుట్టి కట్టిన వస్తువు. చిటికెనవేలంత ఉంటుంది, కొస కాగితం కన్నా పల్చన. వాయించేవాళ్లు దాన్ని రీడు అంటారు. ఇంట్లో అందరూ పీక అనేవారు. పీక బాగుంటే అమ్మమ్మ బాగుండేది. పీక అలిగిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మేవారు కాదు.

పెళ్లైన కొత్తలో తాతయ్య పెళ్లాం దగ్గర మార్కులు కొట్టేద్దామని ఒక పెట్టె చేశాడు. పాత ఫ్రిజ్ తలుపు పట్టీ కోసి స్టీలు డబ్బా మూతకి అంటించి, లోపల స్పాంజి పరిచి, పీకలన్నీ తడితడిగానే పెట్టి, చీమ ఊపిరి కూడా దూరనంత బిగించాడు. "ఇంక నీ పీకలకి చీకూ చింతా లేదు" అన్నాడు. ఆర్కెస్ట్రాకి అప్పుడు సెలవులు. సెలవులు అయ్యాక మూత తీస్తే తడి మేజోళ్ల వాసన గుప్పుమంది. ప్రతి పీక మీదా బూజు. కొన్నింటికి నల్లగా, కొన్నింటికి తెల్లటి నూగులా.

అమ్మమ్మ ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పెట్టి చూసింది.

"పంట బాగా వచ్చిందండీ" అంది. "కోతలెప్పుడు?"

ఆ మాట తాతయ్యకి ముల్లులా దిగింది. ఆ తర్వాత అమ్మమ్మే కూర్చోబెట్టి చెప్పింది, పీకకి గాలి ఆడాలని, వాయించాక తడి ఆరాలని, అదీ నింపాదిగా ఆరాలని, పొయ్యి పక్కన పెడితే పగులుతుందని, ఫ్రిజ్‌లో పెడితే తనే పగలగొడతానని. తాతయ్య చెక్కతో ఇంకో పెట్టె చేశాడు. లోపల బెండు పరిచి పీకలు నిలబెట్టడానికి సన్నటి పుల్లలు గుచ్చాడు. అంతా అయ్యాక డ్రిల్లు పట్టుకుని పెట్టెకి చుట్టూ చిల్లులు పెట్టాడు. గాలి రావడానికి. అప్పుడు ఆయన మొహం, సొంత సైకిలుకి తనే మేకు దింపుకుంటున్నవాడి మొహంలా ఉందని అమ్మమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

పెట్టె చేసినవాడే కాపలాదారు అయ్యాడు. కాకపోతే కుదరదు, ఎందుకంటే అమ్మమ్మంత అజాగ్రత్త మనిషి ఇంకొకరుండరు. వాయించేటప్పుడు దేవత. వాయించడం అయిపోతే పీకని ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలీదు. కోటు జేబులో, పళ్లు తోముకునే గ్లాసులో, ఎండలో నిలబెట్టిన కారు అద్దం కింద. ఒకసారి కచేరీకని వేరే ఊరెళ్తున్న బస్సుని దారిలో ఆపించి, వెనక్కొచ్చే లారీ ఎక్కి ఇంటికొచ్చి, బాత్రూం కిటికీ మీద నుంచి పీక తీసుకుని మళ్లీ బయల్దేరింది తాతయ్యే. అంతా చేసి అక్కడికెళ్తే అమ్మమ్మ, "అది కాదండీ, నీలం దారం" అంది.

దారం రంగుని బట్టే పీకలకి పేర్లు. పేర్లు పెట్టింది అమ్మమ్మ. ఆకుపచ్చది వియ్యపురాలు: ఎప్పుడూ పై గొంతులోనే మాట్లాడుతుంది, బతిమాలితే గానీ కిందికి దిగదు. పసుపుది చిన్నల్లుడు: ఎండగా ఉంటే బంగారం, మబ్బు పట్టిందంటే ఉబ్బి కూర్చుంటుంది. ఎర్రది పెద్దమ్మాయి. పెద్దమ్మాయి మీద ఈగ వాలనిచ్చేవారు కాదు. అడిగిన మాట అడిగినట్టు పలికే పీక అలాంటిది ఏ కొన్నేళ్లకో ఒకటి కుదురుతుందని అమ్మమ్మ చెప్పేది. దాన్ని రోజూ వాయించేది కాదు. గొప్ప కచేరీలకి దాచేది.

రిహార్సల్ నుంచి అమ్మమ్మ రాగానే తాతయ్య చెయ్యి చాపేవాడు. ఆవిడ జేబులు తడిమి పీకలిచ్చేది. ఆయన ఒక్కోదాన్ని వెనకనుంచి ఉఫ్‌మని ఊది, లోపలి తడి దులిపి, కోడి ఈక ఒకటి మెత్తగా దూర్చి తీసి, కొస తగలకుండా రెండు వేళ్లతో తుడిచి, పెట్టెలో తన పుల్ల మీద తనని నిలబెట్టేవాడు. ఫ్రిజ్ కంప్రెసర్ని ఎత్తి భుజాన పెట్టుకునే చేతులు, ఆ పని చేస్తున్నప్పుడు పిల్లల చెవిలో మందు వేస్తున్నట్టు ఉండేవి. మర్నాడు వాయించే ముందు మందు కొలుచుకునే చిన్న గ్లాసులో గోరువెచ్చటి నీళ్లు పోసి పీకలు నానబెట్టేదీ ఆయనే. "నోరు కడుక్కున్నావా?" అని అడిగేదీ ఆయనే. తీపి తిన్న నోటితో ఊదితే పీక పాడవుతుందట. ఆర్కెస్ట్రాలో తోటివాళ్ల ముందు కూడా అడిగేవాడు. అమ్మమ్మ చిన్నపిల్లలా నోరు తెరిచి చూపించేది, అందరూ నవ్వేదాకా.

ఒక పొద్దున అమ్మమ్మ రిహార్సల్‌కి తయారవుతూ నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక పక్కనుంచి జారిపోయాయి. అద్దంలో చూసుకుంది. మొహం ఎడమ సగం తన మాట వినడం లేదు. కన్ను మూతపడదు, మూతి ఒక పక్కకి జారిపోయింది.

"మెకానిక్ గారూ" అని పిలిచింది. "ఇలా వచ్చి ఒకసారి చూడండి. ఎక్కడో లీకవుతోంది."

తాతయ్యకి ఆ జోకు అర్థం కావడానికి ఆస్పత్రి దాకా పట్టింది.

నరం వాచిందని డాక్టరు చెప్పాడు. ప్రాణానికేం ఫర్వాలేదు, చాలామందికి దానంతట అదే తిరిగి వస్తుంది, నెలలు పట్టొచ్చు, కొంతమందికి పూర్తిగా రాకపోవచ్చు. అమ్మమ్మ ఆ ఆఖరి మాట ఒక్కటే ఇంటికి తెచ్చుకుంది. ఆర్కెస్ట్రాలో ఆవిడ కుర్చీలో ఆవిడ శిష్యురాలినే కూర్చోబెట్టారు. ఆ పిల్ల మంచి పొడగరి. ఇంట్లో పొడుగమ్మాయి అనేవారు. వచ్చి అమ్మమ్మ చేతులు పట్టుకుని ఏడ్చి వెళ్లింది.

మందులు తగ్గాక ఒక రోజు అమ్మమ్మ ఓబో తీసి, పెద్దమ్మాయిని గుచ్చి, పెదాలు బిగించింది. ఎడమ మూలనుంచి గాలి బుస్సుమంది. ఇంకోసారి. మళ్లీ బుస్సు. తాతయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లీకెక్కడుందో ఆయనకి తెలుసు, అది బిగించే పట్టీ ఏ దుకాణంలోనూ దొరకదనీ తెలుసు.

అమ్మమ్మ ఓబోని విడదీసి తుడిచి కేసులో పెట్టింది.

"వింటున్నారా" అంది. "ఈ ఎండాకాలం వెళ్లేలోగా రాకపోతే దీన్ని పొడుగమ్మాయికి ఇచ్చేద్దాం. దాని ఓబో ఏం బాగోదు. నా దగ్గర మూలపడి ఉండేకంటే అది వాయించుకుంటే నయం."

"తొందరేముంది?"

"తొందర కాదు. రోజూ దాన్ని చూస్తూ ఇంట్లో తిరగలేను నేను."

ఆ రోజు నుంచి పీకల పెట్టె వైపు ఆవిడ కన్నెత్తి చూడలేదు. తాతయ్య ఆ పెట్టెని మెల్లగా మెట్లు దించి, ఇంటి వెనక తన షెడ్డులోకి తీసుకెళ్లాడు. కళ్లెదుట ఉంటే బాధ అని.

ఇక్కణ్నుంచి ఆయన చేసినది లోకంలో ఫ్రిజ్ మెకానిక్ తప్ప ఇంకెవరూ చెయ్యరు.

మెకానిక్‌కి ఒక నమ్మకం. తిరిగే యంత్రం చెడదు, పడుకున్న యంత్రం చెడుతుంది. ఇల్లు తాళం వేసి ఊరెళ్లిన వాళ్ల ఫ్రిజ్‌లు ఎన్నో చూశాడు. నెలల తరబడి ఆపేసిన కంప్రెసర్ బిగుసుకుపోతుంది, తిరిగి వేస్తే మూలుగుతుంది గానీ కదలదు. అందుకే ఎవరైనా ఊరెళ్తుంటే తాళంచెవి అడిగి పుచ్చుకుని, అప్పుడప్పుడూ వెళ్లి కాసేపు నడిపి వచ్చేవాడు. అమ్మమ్మ మూతి రేపో మాపో తిరిగి వస్తుంది. వచ్చేసరికి పీకలు ఎండి బిగుసుకుపోయి ఉంటే? ఊపిరి తగలక పాట మర్చిపోతే? ఎవరో ఒకరు వాటిని నడపాలి.

అడిగితే చెప్పేది కదా అంటే, అడగడం ఎలా? పీక అన్న మాట ఎత్తితేనే ఆవిడ లేచి వేరే గదిలోకి వెళ్లిపోతోంది.

కష్టమల్లా ఎంగిలి. తాతయ్యకి ఎంగిలి పట్టింపు జాస్తి. కన్నకూతురు కొరికిచ్చిన బిస్కెట్టు కూడా ముట్టని మనిషి. అలాంటిది ఒక పొద్దున షెడ్డులో తలుపేసుకుని, నోరు మూడుసార్లు కడుక్కుని, నానబెట్టిన వియ్యపురాలిని పెదాల మధ్య పెట్టుకున్నాడు. అది అమ్మమ్మ ఎంగిలి. ఎందుకో ఏమీ అనిపించలేదు. ఊదాడు. ఏమీ రాలేదు. బుగ్గలు పూరించి ఊదాడు. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. మూడోసారి, పెళ్లాం పెదాలు లోపలికి ముడిచే తీరు గుర్తు తెచ్చుకుని అలాగే ముడిచి ఊదితే, పీక ఒక్కసారిగా "క్వాక్" అంది. బాతు. తాతయ్య ఉలిక్కిపడి పీకని వదిలేయబోయి పట్టుకున్నాడు.

అలా మొదలైంది. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆయన షెడ్డులోకి వెళ్లి, పాత కంప్రెసర్ ఒకటి ఆన్ చేసేవాడు, చప్పుడు బయటికి వినపడకుండా. పీకలన్నీ నానబెట్టి, ఒక్కోదాన్నీ ఊది, ఈకతో దులిపి, తుడిచి, ఆరబెట్టి పెట్టెలో నిలబెట్టేవాడు. పెద్దమ్మాయికి మాత్రం రెండో విడత కూడా. గారాల పిల్ల కదా. కొన్నాళ్లకి ఏ పీక ఏ రోజు ఎలా కూస్తుందో ఆయనకి పట్టుబడింది. మబ్బు రోజు చిన్నల్లుడిని ముందే బుజ్జగించడం నేర్చుకున్నాడు. "ఏం నాయనా, ఇవాళ కూడా అలకేనా?" అని దానితో మాట్లాడేవాడు. కష్టం తెలిసినవాడి గొంతు.

పైన అమ్మమ్మకి మూతి కసరత్తులు నేర్పడానికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. అద్దం ముందు కూర్చుని పా, బా, మా అనాలి. బుగ్గ పూరించాలి. స్ట్రాతో గ్లాసులో బుడగలు ఊదాలి. అమ్మమ్మ ఒక్కతే చెయ్యాలంటే సిగ్గుపడుతుందని తాతయ్య పక్కన కూర్చుని తనూ చేసేవాడు. ఒకసారి కూతురు చూడ్డానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మా నాన్నా ఒకే అద్దంలోకి చూస్తూ చేపల్లా మూతులు చాపుతున్నారు.

"నాన్నా, నీకెందుకు ఇదంతా?"

"ముందు జాగ్రత్త" అన్నాడు తాతయ్య, చేపమూతి తియ్యకుండానే.

ఆ ఫిజియోథెరపీ అమ్మాయి తాతయ్య బుగ్గలు చూసి, "మీకు చాలా బలముందండీ, వయసుకి" అంది. తాతయ్య కంగారుగా టీ పెడతానని లేచాడు.

మెల్లమెల్లగా అమ్మమ్మ ఎడమ కన్ను మూతపడింది. తర్వాత చెంప కదిలింది. తర్వాత ఒక రోజు పుక్కిలించిన నీళ్లు నోట్లోనే ఆగాయి. కానీ ఆవిడ ఓబో కేసు తెరవలేదు. ఎండలు ముదిరి, తగ్గుముఖం పట్టాయి.

ఒక సాయంత్రం పక్కింట్లో కుట్టుపని చేసే ఆవిడ, బాగుచేసిన జాకెట్టు ఇవ్వడానికి వచ్చి కూర్చుంది. అమ్మమ్మ టీ ఇచ్చింది. తాతయ్య అక్కడే పేపరు చూస్తున్నాడు.

"పిన్నిగారూ, నాకొక అరడజను గుడ్లు ఇప్పిస్తారా? డబ్బులిస్తాలెండి" అంది ఆవిడ.

"గుడ్లేంటి?"

"బాతు గుడ్లండీ. బాబాయిగారు షెడ్డులో పెంచుతున్నారుగా."

తాతయ్యకి టీ పొలమారింది.

"బాతులా?" అంది అమ్మమ్మ.

"అది... పాత కంప్రెసర్" అన్నాడు తాతయ్య దగ్గుతూ. "బేరింగు అరిగి అరుస్తోంది."

"బేరింగు కాదండీ బాబాయిగారూ, నాకు తెలీదా? ఒకటి సన్నగా అరుస్తుంది, ఒకటి బొంగురుగా. రోజూ తొమ్మిదింటికి. మా ఆయన దాన్ని బట్టే ఆఫీసుకి బయల్దేరతాడు."

అమ్మమ్మ తాతయ్యని చూసింది. తాతయ్య పేపరు ఎత్తి పట్టుకున్నాడు, తలకిందులుగా.

మర్నాడు ఆయన షెడ్డులో కూర్చుని ఆకుపచ్చ దారం పీక ఊదుతూ తలెత్తేసరికి గుమ్మంలో అమ్మమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. తాతయ్య పీకని నోట్లోంచి తియ్యడం కూడా మర్చిపోయాడు. మెకానిక్ నోట్లో వియ్యపురాలు, వెనకాల కంప్రెసర్ గుడగుడ.

"ముందు ఆ మోటారు ఆపండి" అంది.

ఆపాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"నువ్వు కేసు మూసినప్పట్నుంచి. బిగుసుకుపోతాయేమోనని... రోజూ కాసేపు నడుపుతున్నాను."

"అన్నీనా?"

"అన్నీ. పెద్దమ్మాయిని రెండుసార్లు."

అమ్మమ్మ పక్కనున్న డబ్బా మీద కూర్చుంది.

"నిన్న మీరు బజారుకెళ్లినప్పుడు కొత్త పీక ఒకటి పెట్టి చూశాను" అంది. "ఎవరూ వినకుండా. గాలి తప్ప ఏమీ రాలేదు. పొడుగమ్మాయికి ఫోన్ చేసేశాను, ఆదివారం వచ్చి తీసుకెళ్లమని. తర్వాత మనసు ఆగలేదు. పెద్దమ్మాయి ఉంది కదా, ఇచ్చేసే ముందు దాన్ని ఒక్కసారి ఊది చూద్దాం, అది నా మాట ఎప్పుడూ కాదనలేదు, అనుకున్నాను. అందుకే దిగొచ్చాను."

తాతయ్య మొహం వెలిగిపోయింది. పరుగులాంటి నడకతో వెళ్లి పెట్టె తెచ్చాడు. ఎర్రదారం పీకని రెండు వేళ్లతో తీసి అందించాడు. చూడు, ఒక్క బూజు చుక్క కూడా లేదు అన్నట్టు.

అమ్మమ్మ దాన్ని కిటికీ వెలుతురుకి పెట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కొస గోధుమరంగు దాటి నల్లబడింది. రెండు బద్దల మధ్య సందు చదునైపోయింది. వేలితో తట్టితే ఖంగుమనాల్సింది, తడి అట్టలా పలికింది.

"దీన్ని తాగేశారు మీరు" అంది.

"అంటే?"

"పీక కంప్రెసర్ కాదండీ. ఆరబెట్టి పెట్టెలో పెడితే ఏళ్లు పడుకుంటుంది, ఏమీ కాదు దానికి. తడిపినప్పుడల్లా కొంచెం, ఊదినప్పుడల్లా కొంచెం అరిగిపోతుంది. సబ్బుబిళ్లలాగా. పెద్దమ్మాయిని నేను ఎందుకు దాచుకునేదాన్ని మరి?"

తాతయ్య మొదట్లో బూజు పట్టించాడు, ఇప్పుడు బతికించబోయి చంపాడు. పెట్టెలో వరసగా నిలబడి ఉన్న పీకలన్నీ ఆయన వైపే చూస్తున్నట్టున్నాయి. "నీ మూతి వచ్చేసరికి తయారుగా ఉండాలని..." అన్నాడు.

అమ్మమ్మ తిట్టినా బాగుండేది. పెట్టె మూసి, దాన్ని తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

తాతయ్య ఆ రోజు ఏ పనీ ముట్టుకోలేదు. ఎవరిదో ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని, అలా తెరిచే వదిలేసి కూర్చున్నాడు. ఆయన జీవితంలో అలా ఎప్పుడూ జరగలేదు. ఆదివారం గురించి ఆలోచించాడు. కేసు ఉండే అలమారా అర ఖాళీగా ఎలా ఉంటుందో ఆలోచించాడు. వాయించి ఇంటికొచ్చిన పెళ్లాం ముందు చెయ్యి చాపితే ఆవిడ జేబులు తడుముకోవడం, అది ఇంక ఉండదు. అంతకంటే ముందుకి ఆలోచన సాగలేదు.

టీ వేళకి, ఇంక తప్పదని, మెట్లెక్కాడు. సగం మెట్ల దగ్గర చెవికి ఏదో తగిలింది. ముందు ఆయన చెవికి లీకే వినపడింది. ఎడమ మూల, సన్నగా, బుస్సుమంటూ. మెకానిక్ చెవి కదా. తర్వాత ఆ లీకు వెనకాల ఇంకేదో ఉందని తెలిసింది. ఒక స్వరం. చిన్నది, నీరసంది, ఉండాల్సిన చోటుకి ఒక మెట్టు కింద కూర్చుని పలుకుతోంది. ఆగింది. మళ్లీ మొదలైంది. ఈసారి ఊపిరి ఉన్నంతసేపు నిలబడింది.

తాతయ్య కదల్లేదు. కదిలితే మెట్టు కిర్రుమంటుంది.

"అక్కడ నిలబడ్డారెందుకు?" అంది లోపల్నుంచి అమ్మమ్మ. "లోపలికొచ్చి తలుపు వెయ్యండి. దొంగ దూరుతాడు."

లోపలికి వెళ్లాడు. అమ్మమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఓబో చేతిలో, దాని నెత్తిన ఎర్రదారం. ఎడమ పెదవి మూలని చూపుడువేలితో నొక్కి పట్టుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి, ఆ ఎడమ కన్ను నెలల తరబడి దానంతటదే కారుతూనే ఉంది గనక అది ఏడుపో కాదో చెప్పడం కష్టం. కుడి కన్ను కూడా తడిగానే ఉంది.

"కోపంతో ఊదాను" అంది. "మీరు ఎంత పాడుచేశారో చూద్దామని. కొత్త పీకకి పంతం ఎక్కువ. గట్టి మూతి ఉంటే గానీ నోరు విప్పదు. దీని పంతమంతా మీరు తీసేశారు. ఊపిరి తగిలితే చాలు, పలుకుతోంది."

"బాగుందా?"

"ఏం బాగుంది? బాతులా ఉంది." ఆవిడ నవ్వబోయింది, నవ్వు ఒక పక్కే వచ్చింది, రెండో పక్క కొంచెం ఆలస్యంగా వెళ్లి కలిసింది. "కానీ నేను ఊదితే పలికింది."

తాతయ్య నేల మీద, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. అమ్మమ్మ ఇంకోసారి ఊదింది. ఆయన చెవి లీకుని వదిలేసి స్వరాన్ని పట్టుకుంది.

పెద్దమ్మాయి ఎన్నాళ్లో నిలబడలేదు. ఆ వారంలోనే కొస చీలింది. దాని తర్వాత వియ్యపురాలు. ఆశ్చర్యం, పైగొంతు వదిలేసి నెమ్మదస్తురాలై మాట్లాడింది. దాని తర్వాత చిన్నల్లుడు. ముసలి పీకలన్నీ ఒకదాని వెనక ఒకటి అమ్మమ్మ మూతిని కొద్దికొద్దిగా పట్టుకుని నడిపించాయి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. అంతకంటే చెంప ఓర్చుకోదు. కసరత్తులు చేయించే అమ్మాయి వచ్చి, ఇంక ఆ స్ట్రా పారేయమంది.

అదంతా కొన్నాళ్లకి. ఆ ఆదివారం మాత్రం అనుకున్నట్టే పొడుగమ్మాయి సంచి పట్టుకుని వచ్చింది. మొహం నిండా మొహమాటం.

"మేడమ్, కింద బాతులు పెంచుతున్నారా? మెట్లెక్కుతుంటే వినపడింది."

"ఒకటే ఉంది" అంది అమ్మమ్మ. "ముసలిది. కూర్చో. ఓబో మాత్రం ఇవ్వను. అంత దూరం నుంచి నిన్ను ఊరికే రప్పించాను, ఏమనుకోకు."

పొడుగమ్మాయి ఏమనుకుందో గానీ సంచిని కాళ్ల కిందకి తోసేసి, లేచి వెళ్లి ఆవిడని గట్టిగా పట్టుకుంది. కుర్చీ ఇంకా ఆ పిల్లదే. అమ్మమ్మ మళ్లీ ఆర్కెస్ట్రాకి వెళ్తుందో లేదో, వెళ్తే ఎప్పుడో, ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరూ కూర్చుని ఆ పిల్ల తెచ్చిన కొత్త పీకలు ఒక్కోటీ వెలుతురుకి పెట్టి చూశారు. కిందనుంచి తాతయ్య వచ్చాడు, మూతి ఎర్రగా. చీలిన పెద్దమ్మాయిని పారేయలేక ఇంకా ఊదుతూ కూర్చున్నాడు.

అమ్మమ్మ ఒక కొత్త పీక ఎంచింది. నీలం దారం, కొస తెల్లగా, కర్రలా బిగుసుకుని ఉంది. తాతయ్య చేతిలో పెట్టింది.

"పాతవి ఇంక ఎన్నాళ్లో నిలబడవు. అవి పోయేసరికి ఇది కొంచెం మెత్తబడి ఉండాలి. ముందు మీరు ఊదండి. సగమే. పెద్దమ్మాయిలా మొత్తం తాగేయకండి."

"సగం అంటే ఎంత?"

"ఎప్పుడు ఆపాలో నేను పైనుంచి విని చెప్తాను. ఆ మోటారు మాత్రం వెయ్యకండి, వినపడదు." వెళ్లబోతున్నవాణ్ని మళ్లీ పిలిచింది. "నోరు కడుక్కున్నారా?"

పొడుగమ్మాయి చూస్తుండగానే అడిగింది. తాతయ్య చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూపించాడు. అమ్మమ్మ వంగి, నింపాదిగా, పళ్లతో సహా చూసింది.

"బిస్కెట్టు తిన్నారు" అంది. "వెళ్లి కడుక్కురండి."